కండెం చేసే ముందు ముగ్గురు చూడాలి

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్స్ గుమాస్తాను. కుర్చీ కాలు విరిగినా, ఫ్యాను కాలిపోయినా, టార్చిలైటు కనబడకుండా పోయినా ఆ కథ ముగిసేది నా టేబులు మీదనే. ఇక పనికిరాని వస్తువును రిజిస్టరులోంచి కొట్టేయడాన్ని మా దగ్గర కండెం చేయడం అంటారు. కండెం కాగితంలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక్క ఇంగ్లీషు మాట రాయాలి. సరైన మాట పడితే ఫైలు మరుసటి రోజే కదులుతుంది. తప్పు మాట పడితే ఒంటినిండా ఎర్ర ఇంకు గీతలతో నా దగ్గరికే తిరిగొస్తుంది.

చేరిన కొత్తలో నేను పోయిన టార్చిలైటుకు ‘ఇర్రెపరబుల్’ అని రాశాను. డిక్షనరీలో చూస్తే మాట గంభీరంగా కనబడింది. మా సూపరింటెండెంట్ మొఘల్‌పురా మనిషి. పాన్ నములుతూ కాగితం చూసి, నన్ను చూసి, “క్యా మియా, టార్చ్ కిదర్ హై?” అన్నాడు.

“గుమ్ గయా సాబ్” అన్నాను, పోయిందని.

“గుమ్ గయా తో టూటా బోల్‌కే కైసా మాలూమ్ హువా?”

పోయిన టార్చి పగిలిందని నీకెట్లా తెలిసింది అని ఆయన ప్రశ్న. ఆ రోజు మధ్యాహ్నం ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాటలన్నీ విడమరిచి చెప్పాడు. వస్తువు కళ్ల ముందే ఉంది, కానీ ఏ మేస్త్రీ వల్లా బాగుపడదు, అప్పుడే ఇర్రెపరబుల్. వస్తువు బాగానే ఉండొచ్చు, కానీ మూసీలో కొట్టుకుపోయిన డ్రమ్ములాగా ఇక మన చేతికి రాదు, అది ఇర్రికవరబుల్. ఎక్కడుందో వేలుపెట్టి చూపగలం, తీయలేం, బోరు గుంతలోకి జారిన స్పానర్ అట్లాంటిది, దానికి ఇర్రిట్రీవబుల్ అని రాయాలి. తోడుకున్న పెరుగు మళ్లీ పాలు కాదు కాబట్టి ఇర్రివర్సిబుల్. పెద్దసాబు సంతకం పడిన బదిలీ ఆర్డరు ఇర్రెవొకబుల్. ఈ చివరిది మాత్రం పూర్తిగా నిజం కాదని, పైనుంచి ఒక్క ఫోనొస్తే అదీ రద్దవుతుందని అనుభవం మీద తెలుసుకున్నాను.

డిక్షనరీలో పక్కనే కనబడింది కదా అని ‘ఇర్రిడీమబుల్’ సంగతి కూడా అడిగాను. ఆయన నవ్వి, అది మన స్టోరు సరుకు కాదు, మీ చర్చివాళ్ల మాట అన్నాడు. ఆ తరువాత నవ్వు ఆపి అసలు రూలు చెప్పాడు. ఏ మాట రాసినా సరే, ముందు ముగ్గురు మనుషులు వస్తువు ఉన్న చోటికి వెళ్లి కళ్లారా చూడాలి, వెనుక సంతకాలు పెట్టాలి. వాళ్లు చూడకుండా గడి నింపితే నీ నౌకరీనే కండెం చేస్తానన్నాడు. అప్పటినుంచి మొన్నటిదాకా ముగ్గురి సంతకాలు లేకుండా నేను ఒక్క పంఖాను కూడా కొట్టేయలేదు. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం ఉండేది. ఆ గర్వం మీదనే దెబ్బ పడింది.

మా తాత కాలం నుంచి మేము ప్రభువును నమ్ముకున్నవాళ్లం. ఫలక్‌నుమా స్టేషనుకు నడిచి పోయేంత దూరంలో మా సంఘం. పెద్దది కాదు. వంద మంది వస్తే చెప్పులు మెట్ల మీదికి వస్తాయి. నేను కమిటీలో ఉన్నాను, ఆదివారం పెద్దలకు వాక్యం క్లాసు చెప్తాను. లేఖనం నా నోట్లో పలకనిదే నాకు పొద్దు గడవదు. ఇప్పుడు చెప్పబోయేది విశ్వాసం మీద వేళాకోళం అనుకోవద్దు. వేళాకోళం చేయాల్సి వస్తే దానికి నేను చాలు.

సంఘంలో మైకులు చూసుకునే ఒకాయన ఉన్నాడు. నాకంటే పదేళ్లు చిన్న. ఇంటి ముందు గదిలోనే రేడియోలు, మిక్సీలు, స్పీకర్లు బాగు చేస్తాడు. అందరికీ అతను మైకు తమ్ముడే. అతని భార్య మా పాటల గుంపులో మొదటి గొంతు. రెండేళ్ల కింద ఆమె పోయింది. సమాధుల తోటలో ఆమె పక్కన ఒక జాగా అతని కోసం ఉంచాలని అప్పటి కమిటీ ఒప్పుకుంది. మా తోటలో జాగా చాలా తక్కువ. అందుకే ఒక రూలు ఉంది. సంఘ పుస్తకంలో పేరు ఉన్నవాళ్లకే అక్కడ చోటు. పేరు కొట్టేస్తే ఆ చోటు తరువాతి వరుసవాళ్లకు పోతుంది.

ఆమె పోయిన తరువాత అతను తాగడం మొదలుపెట్టాడు. జనవరిలో సంఘం యాంప్లిఫైయర్ రిపేరుకని తీసుకెళ్లాడు, ఆగస్టు వచ్చినా తేలేదు. ఈస్టరు ఆరాధనకు వాసన కొడుతూ వచ్చాడు. ప్రభు బల్ల దగ్గర మోకాళ్లూని, మా పాస్టరు అయ్యగారు చిన్న గిన్నెలో ద్రాక్షరసం అందిస్తే ఖాళీ చేసి, “అయ్యగారూ, గింతేనా? జెర నిండుగ పొయ్యున్రి” అన్నాడు. వెనుక మోకాళ్లూనిన టీచరమ్మ ఆ మాట వింది. టీచరమ్మ అంటే మా స్త్రీల సమాజం పెద్ద, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆమె విన్నదంటే సంఘమంతా విన్నట్టే.

ఆగస్టులో కమిటీ కూర్చుంది. పేరు కొట్టేయాలన్నారు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు, నేనూ ఎత్తాను. పేరు కొట్టేయాలంటే పై ఆఫీసుకు ఒక ఫారం పోవాలి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. అందులోనూ ఒక గడి ఉంది, ‘కారణం’.

“గీ గడి నింపుడు మీ డ్యూటీయే కద” అని టీచరమ్మ ఫారం నా ముందుకు తోసింది.

నేను కళ్లద్దాలు తుడుచుకుని ఒక్క క్షణం ఆలోచించాను. మా సూపరింటెండెంట్ ఎప్పుడో పక్కన పెట్టించిన మాటకు ఇన్నేళ్లకు పని దొరికింది. గుండ్రటి అక్షరాలతో ‘ఇర్రిడీమబుల్’ అని రాశాను. అర్థం తెలియక కాదు. తెలుసు. మాట కుదిరిందనిపించింది, అంతే. పైకి చదివితే అయ్యగారు తల ఊపారు. టీచరమ్మ “మస్తు బరువుంది మాట” అంది. వచ్చే సోమవారం అయ్యగారు పై ఆఫీసుకు వెళ్లే పని ఉంది కాబట్టి అప్పుడే ఇచ్చి వస్తానన్నారు.

గురువారం ఆఫీసులో ఒక ఫైలు తిరిగొచ్చింది. రికార్డు రూములో తుప్పు పట్టిన ఇనుప బీరువా. కాగితం నేనే పంపాను. ముగ్గురిలో ఒకాయన సెలవులో ఉంటే, వచ్చాక పెడతాడులే అని రెండు సంతకాలతోనే తోశాను. కొత్తగా వచ్చిన ఆఫీసరు, ఇంచుమించు మా పెద్దమ్మాయి వయసు, పక్కన ఒక్క వాక్యం రాసింది. మూడో మనిషి ఎప్పుడు చూశాడు?

ఆ ప్రశ్న చదివి నేను ఆలోచనలో పడ్డాను. బీరువా గురించి కాదు. మైకు తమ్ముడిని ఎవరు చూశారు? మూడో మనిషి దాకా ఎందుకు, మొదటి మనిషైనా వెళ్లాడా? తప్పు చేసిన సోదరుడి దగ్గరికి ముందు ఒక్కడివే వెళ్లి మాట్లాడమని, వినకపోతే ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లమని, అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెట్టమని ప్రభువు క్రమం చెప్పాడు. ఆ పాఠం నేను వాక్యం క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. మేము మొదటి మెట్టూ రెండో మెట్టూ వదిలేసి సూటిగా మూడోదాని మీద కూర్చున్నాం. ప్రభువు మాటను మా ఆఫీసు ఇనుప బీరువా విషయంలో పాటిస్తోంది, మా సంఘం మనిషి విషయంలో పాటించలేదు.

సాయంత్రం టీచరమ్మకు ఫోన్ చేశాను.

“ముగ్గురం పోయి చూసొద్దాం టీచర్. అప్పటిదాంక ఫారం పోవద్దు.”

“ఏం చూస్తరు? ఆయన ఫ్యానా, మిషినా?”

“ఫ్యాన్‌కైతే పోతం గద.”

“శనివారం వస్త. గని ఆయన ఇంట్ల చాయ్ తాగ” అంది.

మూడో మనిషిగా కమిటీలో అందరికంటే పెద్దాయనను పిలిచాం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. అందరం బాపు అంటాం. చెవికి మిషిన్ పెట్టుకుంటాడు, మాట తక్కువ.

శనివారం మధ్యాహ్నం మేం వెళ్లేసరికి మైకు తమ్ముడు ఒక స్పీకరు పొట్ట తెరిచి కూర్చున్నాడు. మమ్మల్ని చూసి స్క్రూడ్రైవర్ కింద పెట్టి లేచాడు.

“అరె టీచరమ్మా, బాపు! ఏందన్నా, ముగ్గురు ఒక్కపారే వచ్చిన్రు? ఎవలన్న పోయిన్రా? మైకు గావాల్నా?”

“ఎవలు పోలె తమ్మీ. నిన్ను చూసి పోదామని వచ్చినం” అన్నాను.

“నన్నా?” అని రెండు చేతులు చాపాడు. “చూడున్రి మరి. గిట్లున్న.”

టీచరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “పొద్దుగాలనే మొదలువెట్టినవా?”

“లే టీచర్. ఇది నిన్నటిది. ఇయ్యాల్టిది ఇంక గాలె.”

అతను స్టూళ్ల మీద ఉన్న వైర్లు తీసి మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎదురు హోటలువైపు తల తిప్పి “చార్ చాయ్ భేజో భాయ్!” అని కేకేశాడు. టీచరమ్మ నావైపు చూసింది. నేను స్పీకరువైపు చూశాను.

“మన యాంప్లిఫైయర్ ఏది?” అంది ఆమె.

అతను బల్ల చివరన కప్పిన బట్ట తీశాడు. లోపల ముక్కముక్కగా, శుభ్రంగా తుడిచి వరుసలో పెట్టి ఉంది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. అట్లాంటిది ఇప్పుడు ఎవరూ చేయడం లేదట. జనవరి నుంచి ప్రతి గురువారం జుమేరాత్ బజార్‌లో పాత సామాను కుప్పల్లో వెతికాడట.

“రెండుపార్లు నా చేతితోని తీగ చుట్టిన అన్నా. రెండుపార్లు కాలింది. గిదిగ కాదు. కండెం చేసుకోండ్రి, నేను రాసిస్త.”

“మరి జనవరిలనే కాదని చెప్పొచ్చు గద?” అంది టీచరమ్మ.

“జనవరిల ఎట్ల చెప్త టీచర్? చెయ్యి పెట్టకుంట, నాలుగు దిక్కుల తిరగకుంట కాదని ఎట్లంట? పాపం గాదు?”

అతను యాంప్లిఫైయర్ గురించే అన్నాడు. నేను స్టూలు మీద కొంచెం సర్దుకుని కూర్చున్నాను. ఇర్రెపరబుల్ అనే మాట రాసే హక్కు ఆ గదిలో అతనొక్కడే సంపాదించుకున్నాడు. అతను ఎనిమిది నెలలు తిరిగాడు. మేము ఎనిమిది నిమిషాలలో చేతులెత్తాం.

“ఏమంటున్నడు?” అని బాపు గట్టిగా అడిగాడు.

మైకు తమ్ముడు వంగి ఆయన చెవిలోకి చూశాడు. “బాపు, మిషిన్ నడుస్తలేదా?” అని అడుగుతూనే దాన్ని తీసేశాడు. బ్యాటరీ మూత తెరిచి వెలుతురుకు పట్టి చూశాడు. దూదికి స్పిరిట్ అద్ది, లోపలి ఆకుపచ్చ తుప్పును మెల్లగా గీకాడు. కొత్త బ్యాటరీ వేసి మళ్లీ చెవికి పెట్టాడు. అంతలో ఇంటి వెనుకున్న పట్టాల మీద రైలు పోయింది. బాపు ఉలిక్కిపడ్డాడు.

“బ్రేక్ పట్టేస్తున్నది, వాళ్లకు సోయి లేదు” అన్నాడు. ఆ తరువాత మా ముగ్గురి ముఖాలు మార్చి మార్చి చూశాడు. “అబ్బా, ఎన్ని రోజులాయె!”

“ఎప్పట్నుంచి నడుస్తలేదు బాపు?” అని టీచరమ్మ అడిగింది.

“ఈస్టరు కాడికెల్లి అనుకుంట.”

“మరి కమిటీల ఈయన సంగతి వచ్చినప్పుడు చెయ్యెత్తినవు గద?”

“అందరు ఎత్తిన్రు బిడ్డా. ప్రార్థన చేస్తున్రనుకున్న.”

చాయ్ వచ్చింది. టీచరమ్మ గ్లాసు అందుకుంది.

మైకు తమ్ముడు మాత్రం తన గ్లాసు ముట్టుకోలేదు. “నా పేరు కొట్టేస్తున్రంట గద అన్నా” అన్నాడు. “కొట్టేయున్రి. బల్ల కాడ నేను చేసింది తప్పే. తాగుడు బంద్ చేస్తనని గూడ చెప్పను, మస్తు పార్లు చెప్పిన, అయితలేదు. ఒక్కటే అడుగుత. ఆమె పక్కన జాగ జెర ఉంచుండ్రి.”

“పేరు లేకుంటె జాగ ఉండదు” అంది టీచరమ్మ. కానీ ఆ గొంతు హెడ్‌మిస్ట్రెస్ గొంతులా లేదు.

“ఎరికే. అందుకే అడుగుతున్న. ఆమెకు ఉరుమంటే భయం. వాన పడ్డప్పుడల్ల నన్ను లేపి కూసోవెట్టేది. గా తోటల ఒక్కతే ఉన్నది.”

ఆమె ఆ తోటలో లేదు, ప్రభువు సన్నిధిలో ఉంది అని చెప్పడానికి నోరు తెరిచాను. అది సరైన బోధ. నేను నమ్మేదీ అదే, క్లాసులో చెప్పేదీ అదే. కానీ ఆ మధ్యాహ్నం అది చాయ్‌తో పాటు గొంతులోంచి కిందికి దిగిపోయింది.

మర్నాడు ఆరాధన అయ్యాక మేం అడిగితే కమిటీ మళ్లీ కూర్చుంది. అయ్యగారు ఫారం తీసి గబగబా చదివారు. బాపు చెయ్యెత్తాడు. ఈసారి ప్రార్థనకు కాదు.

“ఆగుండ్రి అయ్యగారు. మల్లొక్కపారి చదువుండ్రి. ఇప్పుడు ఇనొస్తున్నది.”

అయ్యగారు మెల్లగా చదివారు.

“గా పొడుగు మాటకు తెలుగుల ఏమంటరు?”

టీచరమ్మ నావైపు చూసింది. అయ్యగారు ఫారంవైపు చూశారు. డిక్షనరీలో, రిజిస్టరులో, గడిలో ఆ మాట నన్ను ఏమీ చేయలేదు. మా భాషలో, మా సంఘంలో, బల్ల ముందు దాన్ని పలకాల్సి వచ్చేసరికి దాని బరువు తెలిసింది.

“విమోచన లేనివాడు అని” అన్నాను.

“ఎవనికి? మన మైకోనికా?” బాపు ముందుకు వంగాడు. “ఎవలు చెప్పిన్రు? ప్రభువు ఎవలికన్న ఫోన్ చేసిండా?”

“రాసింది నేనే బాపు.”

“నువ్వా? పొద్దున పాటల విమోచకుడా విమోచకుడా అని నాలుగుపార్లు పాడితివి గద. మస్తు రోజులకు నీ గొంతు ఇన్న. మంచిగనే పాడినవు.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. నలభై ఏళ్లుగా ప్రభువు రక్తం అందరికీ సరిపోతుందని పాడుతున్న మనిషిని. ఒక్కడికి సరిపోదని గుండ్రటి అక్షరాలతో సర్టిఫికెట్ రాసి ఇచ్చాను. అదీ చూడకుండా.

అయ్యగారు ఫారం నాకు తిరిగి ఇచ్చి, “వేరే మాట ఏదన్నా ఉన్నదా?” అని నెమ్మదిగా అడిగారు. నాకు తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. అతను చేజారిపోయాడని రాయడానికి లేదు, స్టేషను వెనుక రోజూ కనబడుతున్నాడు. తీయలేని చోట పడ్డాడని రాయడానికి లేదు, తీయడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. బాగుపడడని రాద్దామంటే చెయ్యి పెట్టి చూసినవాళ్లు లేరు. ఆ మాటల్లో ఏది రాయాలన్నా ముందు ఎవరో ఒకరు అలిసిపోయి ఉండాలి. మాలో ఎవరూ అలిసిపోలేదు.

“అట్లని బల్ల కాడ నవ్వులాటలు నేనొప్పుకోను” అంది టీచరమ్మ. “సోయితోని వచ్చినప్పుడే బల్ల. పేరు మాత్రం ఉండనియ్యండ్రి.” తరువాత నావైపు తిరిగి, “మనం నెలకొకపారి పోయి చూడాలె. చూసినమంటె ఒక్కపారి చూసుడేనా?” అంది.

నేను ఫారంలోని పాత మాటను కొట్టేసి గడిలో ఇంగ్లీషులోనే, ఇన్‌స్పెక్షన్ పూర్తి కాలేదు అని రాశాను. మా ఆఫీసులో ఆ మాట రాసిన ఫైలు ఎక్కడికీ పోదు. అది బీరువాలో పడుకుంటుంది, వస్తువు రిజిస్టరులో ఉంటుంది. అయ్యగారు ఫారం మడిచి సంఘ పుస్తకంలోనే పెట్టేశారు.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూ మైకు తమ్ముడి ఇంటి దగ్గర దిగాను. విషయం చెప్పాను. పేరు ఉంటుందని, జాగా ఉంటుందని, తాగి వస్తే బల్ల మాత్రం ఉండదని, నెలనెలా మేం ముగ్గురం చూడడానికి వస్తామని చెప్పాను. అతను విని చేతిలోని వైరును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

“అన్నా, ఒక్క మాట. వచ్చేముందు జెర ఫోన్ చెయ్యున్రి. ఆ రోజు ముట్టకుంట ఉంట.”

“ఇన్‌స్పెక్షన్‌కు ముందు చెప్పి రారు తమ్మీ. అది రూలు.”

అతను నన్ను అనుమానంగా చూశాడు.

“అంటే ఎప్పుడొస్తరో తెల్వదు. రోజూ తయారుండాలెనా?”

ప్రభువు ఏ గడియ వస్తాడో తెలియదు, సిద్ధంగా ఉండాలి అని ఆ ప్రశ్న మీదే నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, రెండు మూడు నేనే చేశాను. “ఉండాలె తమ్మీ. నేను గూడ అంతే” అని చెప్పి స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.